పల్లీ పట్టీల ట్రేలో పంటి గాటు

పల్లీ పట్టీల ట్రేలో సుచరిత చేతికి తగిలింది ఎలుకల మందు బిళ్ల. దాన్ని ఒక మూల ఎవరో కొరికారు, ఆ పంటి గాట్లు ఎలుకవి కావు, మనిషివి.

కరెంటు అప్పుడే వచ్చింది. ప్రభు మార్ట్‌లో లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి. క్రిస్మస్ కోసం కట్టిన కాగితపు నక్షత్రాలు మిణుక్కుమన్నాయి. బిల్లు మిషను కుయ్యిమని లేచింది. వరుసలో నిలబడ్డవాళ్లు "హమ్మయ్య" అని సంచులు సర్దుకున్నారు. సుచరిత మాత్రం బిల్లు కౌంటరు కుర్చీలో బిగుసుకుపోయింది.

బెల్లం రంగు బిళ్ల. పట్టీల మధ్య పెడితే అచ్చం పట్టీయే. ట్రే అంచు కింద చించిన అట్టపెట్టె కుక్కి ఉంది. దాని మీద వెల్లకిలా పడిన ఎలుక బొమ్మ. కొరికిన చోట ఇంకా తడి ఆరలేదు.

మొన్న దసరాకు వాళ్ల గల్లీలో కుక్క ఒకటి ఇలాంటి బిళ్లే తిన్నది. ఆ రోజంతా తోక ఊపుకుంటూ తిరిగింది. మర్నాడూ తిరిగింది. బతికిపోయిందిలే అని అందరూ అనుకున్నాక, ముక్కులోంచి నెత్తురు కారి వాకిట్లో కూలిపోయింది. ముందే తెస్తే సూదిమందు ఉండేదని పశువుల డాక్టరు చేతులు కడుక్కుంటూ అన్నాడు.

ఆ సంగతి సుచరితకు గుర్తుకొచ్చింది. ఇది తిన్న మనిషికి ఇప్పుడేమీ కాదు. హాయిగా బిల్లు కట్టి, సంచి ఊపుకుంటూ ఇంటికి పోతాడు. కడుపునిండా తిని పడుకుంటాడు. తెలిసేసరికి చెయ్యి దాటిపోతుంది.

కానీ ఇంకా పోలేదు! కరెంటు పోకముందే ఆమె స్వయంగా ట్రే తుడిచి, కొత్త పట్టీలు పేర్చింది. అప్పటికి ఈ దరిద్రం అందులో లేదు. కరెంటు పోయాక బిల్లు మిషను ఆగింది, బిల్లు లేకుండా ఎవరినీ బయటికి వదిలే మనిషి కాదు ఓనరు ప్రభుదాస్. తలుపు దగ్గర స్టూలు వేసుకుని, చేతిలో ఎర్ర పెన్నుతో కూర్చునే ఉన్నాడు. అంటే కొరికినవాడు ఈ వరుసలోనే, ట్రే అందరి చేతికీ అందే ఈ కౌంటరు ముందే ఉన్నాడు.

"అన్నా, జర ఇటు రా."

"ఏంది?"

"నువ్వు రా అన్నా."

ప్రభుదాస్ వచ్చాడు. సుచరిత కౌంటరు కింద బిళ్ల చూపించింది. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి చూశాడు, కిందికి దించి చూశాడు.

"ఎలుక కొరికిందేమో?"

"గింత నోరున్న ఎలుక బాన్సువాడల ఉందా అన్నా?"

"మెల్లగ! మెల్లగ మాట్లాడు." ఆయన గొంతు చీమంత అయింది. "ఎదురుంగ గంత పెద్ద మాల్ పడ్డది. ప్రభుదాస్ దుకాణంల విషం తినిపిస్తుండ్రని ఒక్కలకు తెలిసినా, షట్టర్ గుంజుకొని ఇంట్ల కూసునుడే."

"మనిషి పోతడన్నా."

"పోతడు పోతడనకు! సప్పుడు గాకుంట కనుక్కో. నేను తలుపు కాడ ఉంట. చీమను గూడ బయటికి పోనియ్య."

"కెమెరాల సూద్దామా?"

"కరెంటు లేకుంటె కెమెరా ఎట్ల పనిచేస్తది బిడ్డా!"

సుచరిత తలెత్తి చూసింది. మెల్లగా అడిగి తెలుసుకునే దారి కూడా లేదు. కౌంటరు వెనక గోడ నిండా ప్రభుదాస్ అతికించిన ఫోటోలున్నాయి. పైన పెద్ద అక్షరాల బోర్డు: "బిల్లు కట్టకుండా తిన్నవారు". ఆ గోడకు ఎక్కినవాళ్లను ఊరంతా నెలల తరబడి ఆటపట్టిస్తుంది. ఆ గోడ ముందు నిలబడి, అవును నేనే తిన్నాను అని ఎవడంటాడు?

ఇక ఆమె వరుసను చూసింది. బిల్లు కౌంటరు మీద కూర్చున్న మనిషికి జనం ముఖాల కంటే అలవాట్లు ముందు గుర్తుకొస్తాయి. ఇన్నాళ్లూ ఆ అలవాట్లు సుచరితకు తలనొప్పి తెప్పించాయి. ఈ రోజు వాటిలోనే ఒకటి ప్రాణం తీయబోతోంది.

అందరికంటే ముందు ఒక బుట్ట ఉంది. మనిషి లేడు. ఆ బుట్ట నిజాంసాగర్ వైపు తండా నుంచి వచ్చే మోతీరాంది. వచ్చీ రాగానే ఖాళీ బుట్టలో ఒక సబ్బు వేసి వరుసలో పెడతాడు, ఆ తర్వాత తీరిగ్గా సరుకులు ఏరుకుంటాడు. ఎవరైనా బుట్టను పక్కకు జరిపారా, ఎక్కడున్నా ఉరికి వస్తాడు. "యూరియా కాడ చెప్పులు పెడితె లైను ఒప్పుకుంటరు, ఈడ బుట్ట పెడితె ఎందుకు ఒప్పుకోరు?" అన్నది అతని వాదన. బుట్ట పక్కన నేల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్న ముసలమ్మ అతని తల్లి గౌరీబాయి. బుట్టకు కాపలా.

బుట్ట వెనక సంపత్. ప్లాట్లు అమ్ముతాడు. చెవిలో ఫోను లేకుండా అతన్ని చూసినవాళ్లు లేరు. సరుకులు కౌంటరు మీద పోసి, ఏమడిగినా ఒక వేలు పైకెత్తి చూపిస్తాడు. అంతా అయ్యి బిల్లు చేతికొచ్చాక, "అరే, కొత్తిమీర మర్చిపోయిన" అని లోపలికి ఉరుకుతాడు.

అతని వెనక సీతారావమ్మ. కాలువ పక్క క్యాంపులో ఉంటుంది, ఆమె పెద్దలు ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్నారు. ఏ పెట్టె అయినా విప్పి, లోపల చూసి, వాసన పీల్చందే నమ్మదు. విప్పినదాన్ని వదిలేసి, విప్పనిదాన్ని బిల్లుకు తెస్తుంది.

అందరికంటే చివర నల్ల పంచె, నల్ల కండువా, మెడలో మాలలు, నుదుట గంధం. అయ్యప్ప మాల వేసిన హన్మాండ్లు గురుస్వామి. కొబ్బరికాయలు, నెయ్యి, కర్పూరం బుట్టలో పెట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెరిగిన గడ్డం, పెదాల మీదికి వాలిన మీసం. ఆ మొత్తం వరుసలో సుచరితకు తలనొప్పి తేని మనిషి ఆయనొక్కడే. కన్నెస్వాములు, అంటే మొదటిసారి మాల వేసిన కుర్రాళ్లు, బయట ఆటోలో ఆయన కోసం ఎదురుచూస్తున్నారు.

"ఏం పిల్లా, మిషను వచ్చింది గద, ఇంక సూస్తవేంది?" గౌరీబాయి గాజుల చెయ్యి ఊపింది.

"ఒక్క నిమిషం అవ్వా, మిషను వేడెక్కాలె."

"మిషనుకు గూడ చాయ్ తాగాల్నా?"

సుచరిత మళ్లీ బిళ్లను చూసింది. ఈసారి భయంతో కాదు, పట్టుదలతో చూసింది. గాటు అర్ధచంద్రంలా పడింది. కానీ మధ్యలో ఒకచోట, పన్ను దిగాల్సిన చోట, బిళ్ల సన్నని గోడలా నిలబడి ఉంది. పై వరుసలో ముందు పన్ను లేనివాడు కొరికాడు!

అంతే, ఆమె కుర్చీలోంచి లేచింది. ఫ్రిజ్‌లోంచి గట్టి కోవా దిమ్మ తీసింది, ఒక్క నోట్లో పట్టనంత పెద్ద ముక్కలు కోసింది, పళ్లెంలో పేర్చింది.

"కొత్త కోవా! డోంగ్లి దిక్కు నుంచి వచ్చింది. అందరు రుచి సూడాలె. పైసల్లేవు, ఉత్తగనే!"

ప్రభుదాస్ తలుపు దగ్గర గుండె పట్టుకున్నాడు. "ఉత్తగనే" అన్న మాట ఆ దుకాణంలో అంతవరకు ఎవరూ పలకలేదు.

ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో గానీ మోతీరాం పళ్లెం ముందు ప్రత్యక్షమయ్యాడు. "చూసినవా, నా బుట్ట ముందుంది. నేనే మొదలు."

"కొరుకు మోతీరామన్నా. కొరికి ఆగు. లోపల రంగు సూడాలె."

"లోపల ఏం రంగుంటది? తెల్లగనే ఉంటది."

"సూపియ్యి అంటున్న గద!"

మోతీరాం కొరికి చూపించాడు. పారతో తవ్వినంత వెడల్పు గాటు. మధ్యలో ఏ గోడా లేదు. అతను కాదు.

సంపత్ ఫోను వదలకుండానే ముక్క అందుకున్నాడు. "హలో, ఆ, రోడ్డు పక్కనే సార్, నడిస్తే ప్లాట్‌ల పడ్తరు" అంటూ ముక్కను నిలువుగా నోట్లోకి తోయబోయాడు. సుచరిత చెయ్యి పట్టుకుని ఆపింది. అతను ఒక వేలు ఎత్తాడు. ఆమె రెండో చెయ్యీ పట్టుకుంది.

"కొరుకన్నా!"

అతను బిత్తరపోయి కొరికాడు. చక్కగా, వరుసగా, స్కేలు పెట్టి కోసినట్టు దిగాయి పళ్లు. అతనూ కాదు.

సీతారావమ్మ ముక్కను ముందు వాసన చూసింది, వెనక్కి తిప్పి చూసింది. "ఏమ్మాయ్, ఉచితంగా ఎందుకిస్తున్నారు? పాడైపోయిందా?"

"లేదమ్మా, కొరకండి."

"నావి కట్టుడు పళ్లు తల్లీ, పైకి చెప్పుకోకు." గుసగుసలాడి కొరికింది. కట్టుడు పళ్లలో ఖాళీ ఎక్కడ ఉంటుంది? ఆమే కాదు.

గౌరీబాయి ముక్కను తీసుకుని కొంగులో ముడివేసింది.

"అవ్వా, నువ్వు కొరకవా?"

ముసలమ్మ నోరు తెరిచింది. ఊడ్చిన నేలలా శుభ్రంగా ఉంది. "ఏంతోని కొరకాలె? నీ పళ్లు రెండు ఇయ్యి, కొరుకుత."

వరుసంతా గొల్లుమంది. సుచరిత నవ్వలేకపోయింది. పళ్లెం పట్టుకుని చివరిదాకా వెళ్లింది. గురుస్వామి రెండు చేతులూ జోడించాడు.

"మాలల ఉన్న మాతా. బయటి తిండి ముట్ట." మీసం కదిలింది గానీ పెదవులు కనబడలేదు.

"తప్పయింది స్వామీ." ఆమె వెనుదిరిగింది.

అయిపోయింది. అందరూ అయిపోయారు. ఎవరి పన్నూ ఆ గాటుకు సరిపోలేదు. ఎవరైనా కళ్లు కప్పి బయటికి పోయారా? గోదాం తలుపు? అది తాళం వేసే ఉంది. మరి?

"ఇగ బిల్లులు కొట్టు." ప్రభుదాస్ దగ్గరికొచ్చి చెవిలో అన్నాడు. "ఎవరు తినలే. ఎలుకనే అయ్యుంటది. గది పారేసి చేతులు కడుక్కో."

"తడి ఉండె అన్నా. నేను సూసిన."

"నువ్వేం సూడలే. నేనేం సూడలే. కొట్టు బిల్లు!"

మోతీరాం బుట్టలోని సబ్బు బీప్‌మంది. అతను తల్లిని లేపుతున్నాడు. సంపత్ సంచి విప్పుతున్నాడు. గురుస్వామి ఆటో కుర్రాళ్లకు కళ్లతో సైగ చేస్తున్నాడు. ఇంకాసేపట్లో వీళ్లంతా తలో దిక్కుకు పోతారు. తండాకు ఒకరు, క్యాంపుకు ఒకరు. వాళ్లలో ఒకరు నవ్వుతూ ఇంటికి పోయి, ఆ కుక్కలాగే...

సుచరిత చెయ్యి మిషను మీద ఆగిపోయింది. ఉద్యోగం పోతే పోనీ. ఆమె స్టూలు ఎక్కి, కొరికిన బిళ్లను అందరికీ కనబడేలా పైకెత్తింది.

"అందరు ఇనుండ్రి! ఇది ఎలుకల మందు. పట్టీల ట్రేల పడ్డది. మీలో ఒకలు దీన్ని కొరికిండ్రు. కోవా ముక్కలు పళ్ల గుర్తుల కోసమే ఇచ్చిన. ఇయ్యాల ఏం కాదు, మంచిగనే ఉంటరు. ఆనక పానం పోతది. ఇప్పుడు చెప్తే దవాఖానల సూదిమందు ఉంటది. ఫోటో పెట్టం, ఎవరికి చెప్పం. ఎవరో చెప్పుండ్రి!"

దాంతో ఆనకట్ట గేట్లు ఎత్తినట్టయింది.

సంపత్ జీవితంలో మొదటిసారి ఫోను కట్ చేశాడు. "నేను జీడిపప్పు తిన్న! విడిగ పోసిన డబ్బాలకెంచి. గిప్పుడు గాదు, వచ్చినప్పుడల్లా తింట!"

"నేను ద్రాక్ష తిన్న," మోతీరాం కడుపు పట్టుకున్నాడు. "గని గది తప్పెట్లయితది? సంతల రుచి సూడకుంట ఎవడన్న కొంటడా? ద్రాక్షల గూడ మందుందా అక్కా? అవ్వా, నువ్వేం తిన్నవే?"

"నేను బెల్లం ముక్క చప్పరించిన కొడకా," గౌరీబాయి రాగం ఎత్తుకుంది, "ఇగ పోతున్న కొడకా, కొంగుల కోవా ఉంది, పిల్లలకు ఇయ్యి కొడకా!"

"బెల్లానికేం కాదవ్వా, కూసో!"

"నేనేమీ తినలేదమ్మా," సీతారావమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది, "కానీ ఆ పెట్టె విప్పింది నేనే. మందు ఘాటుగా ఉందో లేదోనని కాగితం తీసి వాసన చూశాను. ఇంతలో కరెంటు పోయింది. చీకట్లో ఎక్కడ పెట్టానో తెలియలేదు. పట్టీల్లో పెట్టానా తల్లీ! ఎవరి ఉసురు పోసుకున్నానో!"

"రోజు ఒక పిడికెడు కిస్మిస్ నేను గూడ తింట," అని ప్రభుదాస్ తలుపు దగ్గర నుంచి అన్నాడు.

"నీ దుకాణమే గదన్నా!"

"అవు గద!" ఆయన చెమట తుడుచుకున్నాడు.

అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఒకరి నాలుక ఒకరికి చూపించుకుంటున్నారు. ఆ గోలలో సుచరిత ఒక్కొక్కరినీ చూస్తూ పోయింది. అడగని తప్పులు కూడా ఒప్పుకుంటున్నారు జనం. చప్పుడు లేనిది ఒక్క చోటే.

వరుస చివర గురుస్వామి కౌంటరు అంచు పట్టుకుని నిలబడ్డాడు. గంధం మీదుగా చెమట గీతలు దిగుతున్నాయి. కండువా కొసను పిడికిట్లో బిగించి దాచుకుంటున్నాడు.

పళ్లున్న వాళ్లలో కోవా కొరకని మనిషి ఒక్కరే. అడగకుండానే వదిలేసిన మనిషి ఒక్కరే! మాలలో ఉన్నవాళ్లు బయటి తిండి ముట్టరని ఆమే తీర్పు చెప్పేసుకుంది.

కానీ నిజంగా ఆయనేనా? కాకపోతే? మాలలో ఉన్న మనిషిని, ఇంతమంది ముందు, దొంగతిండి తిన్నావా అని అడగడం ఎలా? నోరు తెరిచి చూపించమనడం ఎలా? అడిగితే అవమానం. అడగకపోతే చావు.

అద్దాల తలుపు అవతల ఆటో హారను మోగింది. గురుస్వామి బుట్ట కౌంటరు మీదే వదిలేసి, తలుపు వైపు అడుగు వేశాడు.

సుచరిత అన్న రెండేళ్ల కింద మాల వేసుకున్నాడు. ఆ కార్తీకమంతా వాళ్లింట్లో ఒకటే పిలుపు, ఒకటే జవాబు. ఇంట్లో ఏ మూల నుంచి ఎవరు పిలిచినా, నిద్రలో ఉన్నా, స్నానంలో ఉన్నా, అన్న నోట్లోంచి జవాబు దానంతట అదే వచ్చేది. అది గుర్తొచ్చింది ఆమెకు. స్టూలు మీద నిలబడే, రెండు చేతులూ పైకెత్తి, గొంతు చించుకుని అరిచింది.

"స్వామియే..."

"శరణమయ్యప్పా!"

తలపైకెత్తి, కళ్లు మూసుకుని, ఆకాశానికి వినబడేలా నోరంతా తెరిచి పలికాడు గురుస్వామి. మీసం పైకి లేచింది. లైటు తిన్నగా నోట్లో పడింది. పై వరుసలో సరిగ్గా ముందు, ఒక పన్ను లేదు.

అరుపు విని కన్నెస్వాములు ఆటో దిగి ఉరికొచ్చారు. దుకాణంలో వాళ్లకు ఏమీ అర్థం కాలేదు. "ఈ పిల్లకు భక్తి పట్టుకుందా?" అంది గౌరీబాయి. ఆ ఖాళీని చూసింది సుచరిత ఒక్కతే.

ఆమె స్టూలు దిగి, జనాన్ని తోసుకుంటూ ఆయన దగ్గరికి వెళ్లింది. ఇంకెవరికీ వినబడకుండా అంది: "స్వామీ, గోదాం తలుపు తీపిస్త. ఆటోను వెనకకు తెప్పిస్త. ఎవరికి తెల్వది, నేను ఎవరికి చెప్ప. జల్ది పోదాం. మీ కాళ్లు మొక్కుత."

గురుస్వామి ఆమెను చూశాడు. గోడ మీది ఫోటోలను చూశాడు. తలుపు దగ్గర నిలబడి తనవైపే చూస్తున్న కుర్రస్వాములను చూశాడు.

"స్వామీ, ఏమైంది?" వాళ్లలో ఒకడు అడిగాడు.

గురుస్వామి కండువా కొసను పిడికిలి విప్పి అందరికీ చూపించాడు. అందులో నమిలి ఊసిన బెల్లం రంగు ముద్ద. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఎనక తలుపెందుకు మాతా, ముందు నుంచే పోత. అందరు ఇనుండ్రి. కొరికింది నేనే. ఇయ్యాల పడిపూజ తయారీల పడి పగటి బిక్ష ముట్టలే. కర్పూరం కోసం వచ్చిన, ఇట్లొచ్చి అట్ల పోదామనుకున్న. గీ మోతీరాం బుట్ట కదలదు, సంపత్ ఫోను దిగదు, గా అమ్మ వాసన తీరదు. ముంగట పట్టీల ట్రే. కడుపుల పేగులు మెలిపడ్డయి. నేను మొకం తిప్పుకున్న, అయ్యప్పా అయ్యప్పా అనుకున్న. గప్పుడే కరెంటు పోయె. చీకట్ల నా చెయ్యి నా మాట ఇనలే. అయ్యప్ప సూస్తడన్న సోయి ఉంది, గని జనం సూడరన్న ధైర్నం గంతకన్న పెద్దగ ఉండె. కొరికినంక చేదు కొట్టింది. పాత పట్టీలు అమ్ముతుండ్రని నీ మీద లొల్లి పెడ్దామనుకున్న మాతా, అడిగితె తిన్నట్టు తెలుస్తదని నోరు మూసుకున్న. కొంత ఊసిన, కొంత మింగిన. నువ్వు స్టూలెక్కి మందని చెప్పినంక గూడ చెప్పలే, ఎందుకంటె నా కన్నెస్వాములు బయట ఉన్నరు. పొద్దున్నే చన్నీళ్లు పోసుకొని వస్తరు, నాలుకను గెలిస్తె అన్నీ గెలిచినట్టేనని వాళ్లకు రోజు చెప్పేది నేనే. పానం పోయినా సరే, వాళ్ల ముందల మాట పోవద్దనుకున్న. గని శరణు పలికేటప్పుడు నోరు తెరిచిన చూడు, గప్పుడు సిగ్గయింది. గదే నోరు గద తిన్నది! స్వాములూ, మీ గురుస్వామి ఆకలికి ఓడిండు. మాల సంగతి అయ్యప్ప, నేను మాట్లాడుకుంటం. నడువు మాతా, ఆటో ఎక్కించు, నాకు బతకాలని ఉంది. ఓ ప్రభుదాస్, దవాఖాన నుంచి వచ్చేసరికి నా ఫోటో గోడకు ఎక్కాలె. గడ్డంతోనే పెట్టు, అందరు గుర్తుపట్టాలె."